ఈ ఇంజెక్షన్ ఎవరికి వద్దు? పెద్దపేగు క్యాన్సర్ యాంటీబాడీ మందులపై ఒక ప్రసంగం

(మా గ్రంథాలయ హాలులో ఆదివారం సాయంత్రం ఒక క్యాన్సర్ వైద్యులు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారు అడగడంతో రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలవారికి వినిపిస్తోందా? మధ్యలో ఉన్న ఆ ఫ్యాను చప్పుడు చాలా ఎక్కువగా ఉంది, దాన్ని ఒక్కదాన్నే ఆపండి. కాసేపు ఉక్కపోత భరిద్దాం.

ముందు మీకొక వస్తువు చూపిస్తాను. ఇదిగో, జేబులో పెట్టుకుని వచ్చాను. చిన్న ప్లాస్టిక్ గూడు. అందులో గడ్డకట్టిన మైనం. మైనం మధ్యలో చింతగింజ అంత మరక ఉంది, కనబడుతోందా? మాస్టారూ, మీరు ఒకసారి చూసి పక్కవారికి ఇవ్వండి. భయపడనక్కరలేదు, ఇది మనిషిది కాదు. విద్యార్థులకు చూపించడం కోసం మేక పేగు ముక్కతో చేయించింది. ఆసుపత్రిలో దీన్ని 'బ్లాక్' అంటారు. ముక్క తీసి పరీక్షకు పంపారని మనం అంటాం కదా, ఆ ముక్కను ఇలా మైనంలో పోసి దాస్తారు. దీన్ని పల్చగా పొరలు కోసి గాజు పలకల మీద పరిచి చూస్తారు. చూడటం అయిపోయాక కూడా ఇది ఉంటుంది. ఇది ఉంటుందనే సంగతే రోగులకు ఎవరూ చెప్పరు.

ఈ రోజు నన్ను పెద్దపేగు క్యాన్సర్‌కు వచ్చిన కొత్త ఇంజెక్షన్ల గురించి మాట్లాడమన్నారు. పెద్దపేగు, దాని చివర ఉండే పురీషనాళం, రెండూ కలిపే చెబుతాను. అవి కొత్తవేమీ కావు. వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. నేను చెప్పదలచింది ఒక్కటే. ఈ ఇరవై ఏళ్లలో మేము ప్రధానంగా నేర్చుకున్నది ఈ మందు ఎవరికి ఇవ్వాలన్నది కాదు, ఎవరికి ఇవ్వకూడదన్నది. ఆ నేర్చుకోవడం అంత సాఫీగా జరగలేదు.

మొదట యాంటీబాడీ అంటే ఏమిటి? కరోనా రోజుల్లో ఈ మాట అందరికీ అలవాటైంది. ఒంట్లోకి పరాయిది ఏదైనా వస్తే, దాన్ని పట్టుకోవడానికి మన రక్తం తయారుచేసుకునే ప్రోటీను. ఒక్కో యాంటీబాడీ ఒక్కదాన్నే పట్టుకుంటుంది. ఇంకొకదాని జోలికి పోదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలో పాల్ ఎర్లిక్ అనే ఆయన, రోగాన్ని మాత్రమే వెతుక్కుంటూ పోయి తగిలే మందు ఉంటే ఎంత బాగుండును అని కలగన్నాడు. ఆ కలను చేతికందేంత దగ్గరకు తెచ్చింది 1975లో కేంబ్రిడ్జిలో పనిచేసిన ఇద్దరు, జార్జ్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్. ఎలుకలో యాంటీబాడీ తయారుచేసే కణాన్ని, చావు లేకుండా పెరిగే క్యాన్సర్ కణంతో కలిపేశారు. ఫలితం? ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తయారుచేసే కణం. 1984లో నోబెల్ వచ్చింది. పేటెంటు మాత్రం తీసుకోలేదు. ఇప్పటి మందుల ధరలు చూసినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది.

అయితే ఎలుక యాంటీబాడీని తీసుకొచ్చి మనిషికి ఎక్కిస్తే మన ఒళ్లు ఊరుకుంటుందా? ఊరుకోదు. దాన్నే పరాయిదిగా పట్టుకుంటుంది. అందుకని కొస ఎలుకది ఉంచి, మిగతాదంతా మనిషిది అతికించారు. సెటుక్సిమాబ్ అలాంటిది. మా విద్యార్థులకు నరసింహావతారం అని చెబుతాను, తల ఒకరిది, మొండెం ఒకరిది. ఈ మందుల పేర్లన్నీ 'మాబ్' అని ముగుస్తాయి, గమనించే ఉంటారు. 'క్సిమాబ్' అని పలికితే కొస ఎలుకది. 'జుమాబ్' అయితే చాలావరకు మనిషిదే, వేలి చివరలు మాత్రం ఎలుకవి. పానిటుముమాబ్ లాంటి పేరైతే పూర్తిగా మనిషిది. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ఒక కథలో ఇది అవసరమవుతుంది.

2004 ఫిబ్రవరి. అమెరికాలో ఒకే నెలలో రెండు మందులకు అనుమతి వచ్చింది. 12న సెటుక్సిమాబ్, 26న బెవాసిజుమాబ్. రెండూ పెద్దపేగు క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకినవారి కోసం.

బెవాసిజుమాబ్ అసలు క్యాన్సర్ కణాన్ని తాకదు. గడ్డ పెరగాలంటే రక్తం కావాలి, రక్తం రావాలంటే కొత్త నాళాలు కావాలి. ఆ నాళాలను మొలిపించే సంకేతాన్ని ఆపితే గడ్డ ఎండిపోతుంది కదా అని 1971లోనే బోస్టన్‌లో జూడా ఫోక్‌మన్ అనే సర్జన్ రాశాడు. నవ్వినవాళ్లు నవ్వారు. 1989లో నెపోలియోన్ ఫెరారా ఆ సంకేతాన్ని, వీఈజీఎఫ్ అనే ప్రోటీనును పట్టుకున్నాడు. దాన్ని రక్తంలోనే పట్టేసే యాంటీబాడీయే ఈ మందు. పొలానికి నీళ్లు పారే బోదెకు అడ్డుకట్ట వేయడం లాంటిది.

ఎంత ఉపయోగం? అప్పటి కీమోతో ఆయుష్షు 15.6 నెలలు, దానికి ఇది కలిపితే 20.3 నెలలు. అంటే అందరికీ సరిగ్గా అయిదు నెలలు పెరిగిందని కాదు. వందమందిని వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవారి లెక్క అది. ముందున్నవారికి ఏమీ దక్కకపోవచ్చు, చివర ఉన్నవారికి ఏళ్లే దక్కవచ్చు. "డాక్టరుగారూ, నేను వరుసలో ఎక్కడున్నాను?" అని ప్రతి రోగీ అడుగుతాడు. అడగాలి కూడా. బెవాసిజుమాబ్ విషయంలో ముందుగా చెప్పే పరీక్ష ఇప్పటికీ లేదు. సెటుక్సిమాబ్ విషయంలో ఉంది. అసలు కథ అక్కడే.

సెటుక్సిమాబ్ క్యాన్సర్ కణం మీదే కూర్చుంటుంది. కణం పైన ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకం ఉంటుంది. పెరగమని బయటి నుంచి వచ్చే కబురు దాని మీదే వాలుతుంది. దాని మీద యాంటీబాడీని కూర్చోబెడితే కబురు లోపలికి పోదు. శాన్‌డియాగోలో జాన్ మెండెల్సన్ 1980ల మొదట్లో ఈ పని మొదలుపెట్టాడు. అనుమతి రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. మధ్యలో 2001 డిసెంబరులో దరఖాస్తును చూడటానికి కూడా అమెరికా ఔషధ సంస్థ ఒప్పుకోలేదు. ఆ కబురు బయటికి రాకముందే షేర్లు అమ్మించాడని కంపెనీ అధిపతి జైలుకు వెళ్లాడు. ఆ గొడవను పత్రికలు రాసినంతగా మందు గురించి రాయలేదు.

మొదట్లో ఈ మందు ఎవరికి ఇచ్చారు? గడ్డ ముక్కకు రంగు వేసి చూసి, ఈజీఎఫ్ఆర్ కనిపించినవారికి. వినడానికి సబబుగానే ఉంది. తాళం ఉంటేనే కదా తాళంచెవి పనిచేసేది! కానీ తీరా చూస్తే ఆ రంగు పరీక్షకూ ఫలితానికీ పొంతనే లేదు. కనిపించనివారిలో కూడా గడ్డ తగ్గింది. బాగా కనిపించినవారిలో చాలామందికి ఏమీ కాలేదు. ఎందుకు?

ఇక్కడ రైతులు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. సరే, మీకు నేను చెప్పనక్కరలేదు, మీరే నాకు చెప్పగలరు. బోరు మోటారుకు ఆటో స్టార్టర్ పెడతారు. ఎందుకు? కరెంటు ఏ అర్ధరాత్రి వస్తుందో తెలియదు కాబట్టి, రాగానే మోటారు దానంతటదే తిరగాలి. ఇప్పుడు మీ తోటలో మోటారు ఆన్ చేయకూడదని ఒక కాపలా మనిషిని పెట్టారనుకోండి. అతను బటన్ మీద చెయ్యి అడ్డం పెట్టి రాత్రంతా కూర్చున్నాడు. చాలా నమ్మకస్తుడు, కునుకు తీయలేదు. కానీ లోపల ఆటో స్టార్టర్ ఉంది. మోటారు తిరుగుతుందా, తిరగదా?

తిరుగుతుంది. కాపలావాడి తప్పేమైనా ఉందా? లేదు. కూలి మాత్రం ఇచ్చుకోవాల్సిందే.

ఈజీఎఫ్ఆర్ ఆ బటన్. దాని కింద కణం లోపల కేరాస్ అనే ప్రోటీను ఉంటుంది. బటన్ నొక్కితే అది వెలగాలి, వదిలితే ఆరాలి. కొందరి గడ్డల్లో కేరాస్ జన్యువులో ఒక్క అక్షరం మారి ఉంటుంది. ఆ ఒక్క అక్షరంతో అది ఆరడం మానేస్తుంది. బటన్‌తో పనిలేకుండా నడుస్తూనే ఉంటుంది. అదీ ఆటో స్టార్టర్. సెటుక్సిమాబ్ ఎంత నిజాయితీగా కాపలా కాసినా ప్రయోజనం ఉండదు.

దీన్ని మొదట ఫ్రాన్సు వైద్యులు 2006లో కొద్దిమంది రోగుల్లో గమనించారు. 2008లో కెనడా, ఆస్ట్రేలియా వైద్యులు పెద్ద లెక్క చూపించారు. అన్ని మందులూ అయిపోయిన రోగులు వీరంతా. కేరాస్ మారనివారిలో సెటుక్సిమాబ్ లేకుండా 4.8 నెలలు, ఉంటే 9.5 నెలలు. రెట్టింపు. కేరాస్ మారినవారిలో? ఇచ్చినా ఇవ్వకపోయినా నాలుగున్నర నెలలే. అదే మందు. 2009 జులైలో అమెరికాలో మందు పెట్టె మీద కాగితమే మార్చారు. అప్పటిదాకా ఎంతమందికి ఊరికే ఎక్కించామో ఆలోచించండి. నేనూ ఎక్కించాను.

అక్కడితో ఆగలేదు. 2013 నాటికి తేలిందేమిటంటే, కేరాస్‌లో ఒక చోటు చూస్తే చాలదు, ఇంకా కొన్ని చోట్లు చూడాలి, దాని తోబుట్టువు ఎన్‌రాస్‌ను కూడా చూడాలి. ఈ తోబుట్టువులను కలిపి రాస్ అంటాం. అన్నీ చూస్తే దాదాపు సగం మందికి ఈ మందు పనికిరాదు. పనికిరాకపోవడం ఒక్కటే అయితే డబ్బుతో పోయేది. పానిటుముమాబ్ కూడా సెటుక్సిమాబ్ లాగే ఈజీఎఫ్ఆర్ మీద కూర్చునే మందు. రాస్ మారినవారికి కీమోతో పాటు దాన్ని కలిపి ఇస్తే, ఉత్త కీమో తీసుకున్నవారికంటే అధ్వానంగా ఉన్నారు. మేలు లేకపోగా కీడు.

ఈ మధ్య ఒకాయన వచ్చారు. బడిపంతులుగా చేసి రిటైరైనవారు. చేతిలో ఫైలు, భార్య చేతిలో థర్మాకోల్ డబ్బా. డబ్బాలో ఐసు ప్యాక్‌ల మధ్య రెండు సీసాలు. ఈ మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టకూడదు, కాబట్టి బస్సులో ఆమె మూడు గంటలు ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని వచ్చారు. వేరేచోట అయిదు విడతలు ఎక్కించారు, దూరం ఎక్కువై ఇక్కడ కొనసాగిద్దామని వచ్చారు. ఫైలు తిరగేశాను. బిల్లులన్నీ తారీఖుల వారీగా అంటించి ఉన్నాయి, కింద ఎర్రసిరాతో మొత్తాలు. పంతులుగారు కదా. అర ఎకరం పోయిందని మొత్తం చూస్తే తెలుస్తోంది. స్కానులు ఉన్నాయి, రక్తపరీక్షలు ఉన్నాయి. రాస్ పరీక్ష కాగితం లేదు. "ఈ పరీక్ష చేశారా?" అన్నాను. "అదేమిటండీ?" అన్నారు.

బ్లాక్ తెప్పించి పరీక్షకు పంపాం. పన్నెండో రోజు ఫలితం వచ్చింది. కేరాస్ మారి ఉంది. ఆ సీసాలు రెండూ మా ఫ్రిజ్‌లో ఉండిపోయాయి. ఆమె అడిగింది ఒక్కటే, "ఇవి ఇంకెవరికైనా పనికొస్తాయా?" అని. నేను జవాబు చెప్పలేకపోయాను.

మంచినీళ్లు ఇస్తారా? థాంక్సండీ.

సరే. రాస్ బాగుంటే చాలా? చాలదు. గడ్డ పేగులో ఏ వైపున ఉందో చూడాలి. ఇది వింటే మీకు వింతగా ఉండవచ్చు, మాకూ అలాగే ఉండేది. పెద్దపేగు చూడటానికి ఒకే గొట్టం, కానీ తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడు కుడి భాగం ఒకచోట నుంచి, ఎడమ భాగం వేరొకచోట నుంచి తయారవుతాయి. రెండు ఊళ్ల మధ్య రోడ్డు లాంటిది, ఆ చివర ఒక కాంట్రాక్టరు, ఈ చివర ఇంకో కాంట్రాక్టరు. క్యాన్సర్ వచ్చినప్పుడు ఆ తేడా బయటపడుతుంది. జపాన్‌లో చేసిన పెద్ద పరిశీలనలో, రాస్ మారని, ఎడమ వైపు గడ్డ ఉన్నవారికి కీమోతో పాటు పానిటుముమాబ్ ఇస్తే 37.9 నెలలు, బెవాసిజుమాబ్ ఇస్తే 34.3 నెలలు. కుడి వైపైతే ఆ లాభం కనిపించలేదు. అందుకే రిపోర్టులో గడ్డ ఎక్కడుందో చదవకుండా మందు రాయకూడదు.

ఇప్పుడు ఎలుక కథ చెబుతానన్నాను. సెటుక్సిమాబ్ వచ్చిన కొత్తలో అమెరికాలో ఒక విచిత్రం జరిగింది. టెనెసీ, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో మొదటి డోసు ఎక్కిస్తుండగానే నూటికి 22 మందికి తీవ్రమైన అలర్జీ. మిగతా చోట్ల ముగ్గురికి కూడా కాదు. అదే కంపెనీ, అదే సీసా. నీళ్లలో ఉందా? గాలిలో ఉందా? చివరికి తేలిందేమిటంటే, సెటుక్సిమాబ్‌ను ఎలుక కణాల్లో తయారుచేస్తారు, ఆ కణాలు దానికి ఒక రకం చక్కెరను అంటిస్తాయి. మేక, గొర్రె, ఆవు, పంది, అన్నిటి ఒంట్లో ఆ చక్కెర ఉంటుంది. మనిషిలో ఉండదు. ఆ రాష్ట్రాల్లో మన పశువులకు పట్టే గోమార్ల వంటి పురుగు ఒకటి ఉంది. అది కుట్టినవారి రక్తంలో ఆ చక్కెర మీద అలర్జీ అప్పటికే తయారై కూర్చుంది. మందు ఎక్కగానే భగ్గుమంది. అలాంటివారికి మాంసం తిన్న కొన్ని గంటలకు దద్దుర్లు రావడం కూడా దీనివల్లేనని అప్పుడు అర్థమైంది. దీన్ని పరిశోధించిన థామస్ ప్లాట్స్-మిల్స్ అనే అలర్జీ నిపుణుడినే కొండల్లో నడకకు వెళ్లినప్పుడు ఆ పురుగులు కుట్టాయి, తర్వాత గొర్రె మాంసం తిని ఆయనే దద్దుర్లతో అర్ధరాత్రి లేచాడు. పానిటుముమాబ్‌కు ఆ చక్కెర లేదు, కాబట్టి ఈ గొడవా లేదు. ఇదంతా వినోదానికి చెప్పలేదు. మొదటి డోసు రోజున నర్సు పక్కనే నిలబడి గడియారం చూస్తూ ఉంటుంది కదా, ఎందుకు నిలబడిందని విసుక్కోకండి.

ఈ రకం మందులతో ముఖం మీద, ఛాతీ మీద మొటిమల్లాంటి దద్దుర్లు వస్తాయి. చర్మానికీ ఈజీఎఫ్ఆర్ అవసరమే, అందుకు. ఒకామె కూతురి పెళ్లి ఫొటోల్లో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునే ఉంది. దద్దుర్లు బాగా వచ్చినవారిలో మందు కూడా బాగా పనిచేస్తున్నట్టు చాలాసార్లు కనిపించింది, అది చెబితే కొంచెం ఊరట. ముందు నుంచే మాత్ర, పూత మందు వాడితే తగ్గుతాయి. మెగ్నీషియం పడిపోతుంది, రక్తపరీక్ష మానకండి. బెవాసిజుమాబ్‌తో బీపీ పెరుగుతుంది, మూత్రంలో ప్రోటీను పోతుంది, అరుదుగా పేగుకు చిల్లు పడవచ్చు. పుండు మానదు, అందుకని ఆపరేషన్‌కూ ఈ మందుకూ మధ్య కనీసం నాలుగు వారాలు ఎడం ఉండాలి. పన్ను పీకించుకోవాలన్నా ముందు మాకు చెప్పండి.

ఇంకో మాట. ఈ రెండూ పాకిన క్యాన్సర్‌కే. గడ్డ ఆపరేషన్‌తో పూర్తిగా తీసేశాక, తిరిగి రాకుండా ముందు జాగ్రత్తగా ఇద్దామని పెద్ద పెద్ద పరిశీలనలు చేశారు. రెండు మందులూ ఫెయిలయ్యాయి. "ఖర్చయినా ఫరవాలేదు డాక్టరుగారూ, అది కూడా వేసేయండి" అని పిల్లలు విదేశాల నుంచి ఫోన్లు చేస్తారు. ప్రేమతోనే చేస్తారు. వద్దనడానికి నాకు అరగంట పడుతుంది.

ఖర్చు మాట వచ్చింది కాబట్టి మన ఊసు ఒకటి. 2007లో హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీకి దీటైన మందును రెడిటక్స్ పేరుతో తెచ్చింది. అది రక్త క్యాన్సర్లకు. తర్వాత బెవాసిజుమాబ్‌కు కూడా హైదరాబాదు నుంచే హెటెరో 2016లో, డాక్టర్ రెడ్డీస్ 2019లో తెచ్చాయి. ఇలాంటివాటిని బయోసిమిలర్లు అంటారు. ఇంకో చిన్న లెక్క. బెవాసిజుమాబ్ అరవై కిలోల మనిషికి కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున 300 కావాలి. సీసాలు 100వి, 400వి దొరుకుతాయి. మూడు చిన్నవి కొనాలా, ఒక పెద్దది కొని మిగిలింది పారబోయాలా? రెండు ధరలూ కనుక్కుని కొనండి.

రాస్ మారినవారి సంగతేమిటి, వారిని వదిలేసినట్టేనా అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. నలభై ఏళ్లు దీనికి మందే ఉండదన్నారు. ఇప్పుడు జీ12సీ అనే ఒక రకం మార్పుకు మాత్రలు వచ్చాయి. అది నూటికి ముగ్గురు నలుగురిలో ఉంటుంది. తమాషా ఏమిటంటే ఉత్త మాత్ర ఇస్తే పేగు క్యాన్సర్ తప్పించుకుంటుంది, బటన్ వైపు నుంచి మళ్లీ వస్తుంది. కాబట్టి మాత్రతో ఆటో స్టార్టర్ పీకి, సెటుక్సిమాబ్‌నో పానిటుముమాబ్‌నో మళ్లీ కాపలాకు కూర్చోబెట్టాలి. అమెరికాలో 2024లో ఒక జోడీకి, 2025 జనవరిలో ఇంకో జోడీకి అనుమతి వచ్చింది. బీరాఫ్ అనే ఇంకో మార్పుకూ ఇదే కిటుకు, అది 2020లోనే వచ్చింది. హెర్‌2 అనే మార్పు కూడా ఉంది, రొమ్ము క్యాన్సర్ మందు అక్కడ పనికొస్తుంది. వివరాల్లోకి వెళ్లను, టైము లేదు.

కానీ ఎంఎస్ఐ అనే మూడక్షరాలు మాత్రం రాసుకోండి. కలం ఉన్నవారు రాసుకోండి. మన కణం రెండుగా చీలేటప్పుడు జన్యువుల అక్షరాలన్నీ తిరిగి రాసుకుంటుంది. తప్పులు పడతాయి. తప్పులు దిద్దడానికి లోపల ప్రూఫ్ రీడర్లు ఉంటారు. కొందరి గడ్డల్లో ఆ ప్రూఫ్ రీడర్ లేడు. అచ్చుతప్పులే అచ్చుతప్పులు. ఎంఎస్ఐ ఉందంటే అదీ అర్థం. అలాంటి గడ్డ, మన రోగనిరోధక కణాలకు పరాయిదానిగా సులువుగా దొరకాలి. మరి ఎందుకు దొరకడం లేదు? ఆ కణాల మీద పీడీ-1 అనే బ్రేకును గడ్డ నొక్కి పట్టుకుంటుంది కాబట్టి. ఆ బ్రేకును వదిలించే యాంటీబాడీ పెంబ్రోలిజుమాబ్. పాకిన క్యాన్సర్‌లో నూటికి అయిదుగురికే ఈ ఎంఎస్ఐ ఉంటుంది. ఉంటే మాత్రం కీమో అవసరం లేకుండా ఇదొక్కటే. రోగం ముదరకుండా కీమోతో 8.2 నెలలు, దీనితో 16.5 నెలలు. 2022లో న్యూయార్క్‌లో డోస్టార్లిమాబ్ అనే ఇలాంటి మందే ఇచ్చిన పన్నెండు మందిలో పన్నెండు మందికీ పురీషనాళం గడ్డ మాయమైంది. ఆపరేషన్ లేదు, పొట్ట మీద సంచీ లేదు. మన టీవీల్లో క్యాన్సర్‌కు మందు దొరికిందని వారం రోజులు ఊదరగొట్టారు. మర్నాడు మా ఓపీలో నాలుక క్యాన్సర్ రోగి కూడా అదే అడిగాడు. ఆ పన్నెండు మందికీ ఎంఎస్ఐ ఉందన్న మాట ఒక్క టీవీ చెప్పలేదు.

ఈ ప్రూఫ్ రీడర్ లోపం కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది. 1895లో అమెరికాలో ఆల్డ్రెడ్ వార్తిన్ అనే డాక్టరుకు బట్టలు కుట్టే ఒకామె, మా ఇంట్లో అందరూ పేగు, కడుపు, గర్భసంచి క్యాన్సర్లతోనే పోతారు, నేనూ అలాగే పోతాను అని చెప్పిందట. అలాగే పోయింది. ఆయన కొట్టిపారేయకుండా ఆమె వంశవృక్షం రాసుకున్నాడు. ఇప్పుడు దాన్నే లించ్ సిండ్రోమ్ అంటున్నాం. కాబట్టి ఎంఎస్ఐ పరీక్ష రోగికే కాదు, అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ పనికొస్తుంది.

ఇన్ని పరీక్షలు దేనిమీద చేస్తారు? ఆ మైనం ముక్క మీద. ఎక్కడుంది అది? ఎవరి దగ్గర ఉంది? ఆఁ, అమ్మా, మీరా? అడగండి.

ఆమె మంచి ప్రశ్న అడిగారు, మైకులో పడలేదు, నేను చెబుతాను. "ఆసుపత్రివాళ్లు బ్లాక్ మాకు ఇచ్చేశారు, రెండేళ్లుగా బీరువాలో ఉంది, పాడైపోయి ఉంటుందా?" అంటున్నారు. పాడవదమ్మా. ఏళ్ల తరబడి ఉంటుంది, ఫ్రిజ్ కూడా అక్కరలేదు. మీ బీరువాలో చీరల మధ్య చల్లగానే ఉంటుంది. కవరు మీద పేరు, నంబరు చెరిగిపోకుండా చూసుకోండి. మైనం అరవై డిగ్రీల దగ్గర కరుగుతుంది, కాబట్టి నా దగ్గరికి తెచ్చేటప్పుడు ఈ మే నెల ఎండలో కారు ముందు అద్దం కింద మాత్రం పెట్టకండి. చేతిసంచిలో పెట్టుకుని రండి.